అధిక గ్లూకోజ్‌లోనూ నాడీకణాలు దెబ్బతినకపోవడం: సమాధానం

నమస్కారం. వయోజన ఎలుకల డోర్సల్ రూట్ గాంగ్లియా (వెన్నుపాము పక్కనుండే జ్ఞాననాడీకణాల ముడులు) నుంచి తీసిన కణాలను న్యూరోబేసల్ అనే పోషక ద్రవ మాధ్యమంలో, బి-27 అనే అనుబంధ మిశ్రమంతో పెంచి, 25 మిల్లీమోలార్ గ్లూకోజ్ అదనంగా కలిపినా కంట్రోల్‌తో (అదనపు గ్లూకోజ్ కలపని కణాలతో) తేడా కనబడలేదని రాశారు. మీ కణాల్లో లోపం ఉందని నేను అనుకోవడం లేదు. మామూలు న్యూరోబేసల్‌లోనే 25 మిల్లీమోలార్, అంటే డెసిలీటరుకు 450 మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఉంటుంది కనుక, మీ కంట్రోల్ కూడా తీవ్ర మధుమేహ స్థితిలోనే ఉంది.

గ్లూకోజ్ లేని మాధ్యమం తీసుకుని, కంట్రోల్‌కు 5, ప్రయోగానికి 25 మిల్లీమోలార్ మీరే కలపండి. 5 ఉన్న మరొక పాత్రకు 20 మిల్లీమోలార్ మానిటాల్ (కణాలు వాడుకోని చక్కెర ఆల్కహాల్) చేర్చితేనే నష్టం చక్కెరదో, ద్రవాభిసరణ ఒత్తిడిదో తేలుతుంది.

అసలు చిక్కు బి-27లో ఉందని నా అనుమానం. అధిక గ్లూకోజ్ మైటోకాండ్రియాలో సూపరాక్సైడ్ అనే హానికర ఆక్సిజన్ రూపాన్ని పెంచుతుంది. గ్లూకోజ్‌ను సార్బిటాల్‌గా మార్చే పాలియోల్ మార్గంలో ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైము ఎన్‌ఏడీపీహెచ్ అనే సహాయక అణువును ఖర్చు చేయడంతో, కణాన్ని కాపాడే గ్లూటాథయోన్ పునరుద్ధరణ కుంటుపడుతుంది. బి-27లో విటమిన్ ఇ, క్యాటలేజ్, సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, గ్లూటాథయోన్ అనే ఆంటీఆక్సిడెంట్లు (ఆ హానిని అడ్డుకునే పదార్థాలు) అన్నీ ఉన్నందున, మీరు విషంతోపాటే విరుగుడునూ పోస్తున్నారు. ఆంటీఆక్సిడెంట్లు లేని రకం దొరుకుతుంది. అయితే అందులోనూ నాడీకణాలను పోషించే ఇన్సులిన్ ఉంటుందని దయచేసి గుర్తుంచుకోండి.

వయోజన కణాలు పిండదశ కణాలకన్నా ఓర్పు గలవి. అందువల్ల మరణించిన కణాల సంఖ్యపై ఆధారపడకుండా న్యూరైట్ల (నాడీకణం నుంచి పెరిగే పోగుల) పొడవును, మైటోకాండ్రియా పొర విభవాన్ని (పొరకు ఇరువైపులా ఉండే విద్యుత్ తేడాను) కొలవండి. వీలైతే స్ట్రెప్టోజోటోసిన్ అనే, ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపే మందుతో మధుమేహం కలిగించిన ఎలుకల కణాలను కూడా పక్కన పెట్టి చూడండి.