కారుతో పాటు వారంటీ కూడా కొనాలా?

విద్యుత్ కార్ల వారంటీ గురించి ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లోంచి ఐదింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: ఈ నెలలో విద్యుత్ కారు తీసుకుంటున్నాం. బడికి రానూపోనూ రోజుకు 55 కిలోమీటర్లు. కంపెనీ వారంటీ కారుకు మూడేళ్లు, బ్యాటరీకి ఎనిమిదేళ్లు. ఇంకో 30 వేలు కడితే ‘ఐదేళ్ల వారంటీ’ వస్తుందని షోరూమ్‌లో చెబుతున్నారు. లోన్‌లో కలిపేస్తారట. బ్యాటరీ పోతే లక్షలవుతుంది, కట్టేయమని మావారు అంటున్నారు. కట్టమంటారా? (ఒక ఉపాధ్యాయిని, కరీంనగర్)

జవాబు: ముందు బ్యాటరీ భయం పక్కన పెట్టండి. పెద్ద బ్యాటరీకీ, చాలా కార్లలో మోటారుకీ వేరే వారంటీ కారుతోనే వస్తుంది. మన దేశంలో బ్యాటరీకి అది చాలా మోడళ్లకు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. షోరూమ్ అమ్మే ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే గడువు పెంచే వారంటీ, సాధారణంగా బ్యాటరీ జోలికి పోదు. అంటే మీరు భయపడుతున్నది ఒక వస్తువు గురించి, డబ్బు కట్టేది వేరే వస్తువుల కోసం.

ఆ వేరే వస్తువులు తక్కువవేం కాదు. మొదటిది ఆన్‌బోర్డ్ చార్జర్. ఇంటి ప్లగ్గులోంచి వచ్చే ఏసీ కరెంటును బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చేది అదే. వేడి, వోల్టేజీ ఎగుడుదిగుళ్లు దానికి శత్రువులు. రెండోది డీసీ-డీసీ కన్వర్టర్. పెద్ద బ్యాటరీ నుంచి 12 వోల్టుల చిన్న బ్యాటరీని నింపుతూ ఉంటుంది. ఇది పోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు నిద్ర లేవదు. చాలా కార్లలో ఈ రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. లోపల ఒక చిన్న భాగం కాలినా సర్వీస్ సెంటర్లో విప్పి బాగుచేయరు, పెట్టె మొత్తం మారుస్తారు. బిల్లు అక్కడే బరువెక్కుతుంది. మూడోది ఏసీ కంప్రెసర్. పెట్రోలు కారులోలా బెల్టుతో తిరిగేది కాదు, హై వోల్టేజీ కరెంటుతో నడిచేది. లిక్విడ్ కూలింగ్ ఉన్న చాలా కార్లలో బ్యాటరీని చల్లబరిచే పనీ దీనిదే. మే నెలలో మీ ఊళ్లో ఎండ 44 డిగ్రీలు దాటినప్పుడు దీనికి రెట్టింపు చాకిరీ. ఇది మొరాయిస్తే ఫాస్ట్ చార్జింగ్ కూడా నత్తనడక నడుస్తుంది. వీటి తర్వాత టచ్ స్క్రీన్, కెమెరాలు, ఎల్‌ఈడీ హెడ్‌ల్యాంపు.

టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు, బుష్‌లు (చక్రాల దగ్గర కుదుపులు ఆపే రబ్బరు ముక్కలు), 12 వోల్టుల బ్యాటరీ లాంటి అరిగే సామాను ఈ వారంటీలోకి రాదు. ఇది కొంచెం చిరాకు కలిగించే విషయమే. ఎందుకంటే బ్యాటరీ బరువు వల్ల విద్యుత్ కారు అదే సైజు పెట్రోలు కారు కంటే బాగా బరువు. కాబట్టి టైర్లు, బుష్‌లు ముందే అరుగుతాయి. ఆ ఖర్చు వారంటీ కొన్నా మీదే, కొనకపోయినా మీదే.

‘ఐదేళ్లు’ అన్న మాట దగ్గర కూడా ఆగండి. మూడేళ్ల మీద ఇంకో ఐదేళ్లు కాదు, మొత్తం కలిపి ఐదు. మీరిప్పుడు కట్టే డబ్బు నాలుగో ఏడు మొదలయ్యేదాకా పనికి రాదు. ఆ 30 వేలకు 18 శాతం జీఎస్టీ కలిసిందో లేదో అడగండి. కలవకపోతే 35,400. దాన్ని 9 శాతం వడ్డీకి ఏడేళ్ల లోన్‌లో కలిపితే చివరికి మీరు కట్టేది దాదాపు 47,800. వారంటీ ఐదో ఏట అయిపోయాక కూడా రెండేళ్లు దాని వాయిదా కడుతూనే ఉంటారు. లోన్‌లో మాత్రం కలపనివ్వకండి.

డెలివరీ రోజే కొనాలన్న తొందరా లేదు. చాలా కంపెనీలు మొదటి వారంటీ ముగిసేలోపు ఎప్పుడైనా కొననిస్తాయి, కాకపోతే కారు వయసును బట్టి ధర మెట్లు మెట్లుగా పెరుగుతుంది. కొన్ని తొలి ఏడాదిలోనే అంటాయి, కొన్ని ఆలస్యమైతే కారు తనిఖీ చేశాకే ఇస్తాయి. ‘ఆఖరి తేదీ ఏది, ఏ నెల దాటితే ఎంత’ అన్నది ఈమెయిల్లో రాయించుకోండి. నోటిమాట లెక్కలోకి రాదు.

నిర్ణయానికి ఒక దారి ఉంది. అదే సర్వీస్ సెంటర్ విడిభాగాల కౌంటర్‌కు వెళ్లి మూడు ధరలు అడగండి: ఆన్‌బోర్డ్ చార్జర్, ఏసీ కంప్రెసర్, టచ్ స్క్రీన్. అమర్చే కూలీ కూడా కలపండి. మూడింటిలో ఏ ఒక్కటి పోయినా వారంటీ ధరకు రెండు మూడు రెట్లయితే, కారును ఆరేడేళ్లు ఉంచుకునే ఉద్దేశం మీకుంటే, కొనడమే మేలు. మూడు నాలుగేళ్లలో అమ్మేసేటట్లయితే వద్దు. మీరు ఏడాదికి తిరిగేది 16 వేల కిలోమీటర్లు చిల్లర, ఐదేళ్లకు 82 వేలు. కిలోమీటర్ల హద్దు మీకు అడ్డం రాదు. కాబట్టి మీ కంపెనీ అందాకా కొననిస్తే, రెండో ఏడు చివర్లో, ధర మెట్టు మారకముందు, చేతి డబ్బుతో కొనుక్కోవచ్చు.

కొనేది కంపెనీ సొంత వారంటీయేనా, లేక డీలరు ఇంకెవరితోనో కలిసి అమ్ముతున్నదా అన్నది కూడా చూడండి. కంపెనీదైతే దేశంలో ఏ అధీకృత సర్వీస్ సెంటర్లోనైనా చెల్లుతుంది. డీలరుదైతే ఆ ఒక్క డీలరు దగ్గరే చెల్లొచ్చు, ఒక్కో క్లెయిముకు ఇంతే అన్న పరిమితి కూడా ఉండొచ్చు. డబ్బు కట్టిన వారంలోపు కంపెనీ యాప్‌లోనో, కస్టమర్ కేర్‌లోనో మీ చాసిస్ నంబరు చెప్పి నమోదైందో లేదో చూసుకోండి. రసీదు ఉండి, కంపెనీ రికార్డులో మాత్రం వారంటీ లేకపోవడం లాంటి గొడవలు అలాగే ముందు బయటపడతాయి.

ప్రశ్న: నాది మందుల కంపెనీ ఉద్యోగం. రోజుకు 110 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరుగుతాను. నాకూ అదే సలహానా? (ఖమ్మం)

జవాబు: కాదు. మీరు ఏడాదికి 33 వేల కిలోమీటర్లు తిరుగుతారు. ఎనిమిదేళ్లని మీరనుకుంటున్న బ్యాటరీ వారంటీ 1,60,000 దగ్గర, అంటే ఐదేళ్లు నిండకముందే ముగుస్తుంది. ఎక్స్‌టెండెడ్ వారంటీలోనూ కిలోమీటర్ల అంకె ముఖ్యం. ‘ఐదేళ్లు లేదా 1,00,000’ అని ఉంటే మీకు అది మూడేళ్ల ముచ్చటే. ఆ మూడేళ్లూ కంపెనీ మొదటి వారంటీ ఎలాగూ ఉంటుంది, కాబట్టి కొన్నది దండగ. కిలోమీటర్లకు హద్దు లేని పథకం, లేదా కనీసం 1,75,000 దాకా ఉన్నది దొరికితేనే ఆలోచించండి.

కారు మారుస్తున్నట్లయితే బ్యాటరీ వారంటీని చూసి మోడల్ ఎంచుకోవడం మీలాంటివారికి ఎక్స్‌టెండెడ్ వారంటీ కంటే పెద్ద లాభం. ఎంజీ విండ్సర్‌కు, టాటా నెక్సాన్ ఈవీ 45 కిలోవాట్ అవర్ రకానికి, కర్వ్ ఈవీకి తొలి యజమానికి జీవితకాల బ్యాటరీ వారంటీ ప్రకటించారు. టాటా లెక్కలో ‘జీవితకాలం’ అంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 15 ఏళ్లు. ఇవి సొంత వాడకానికే. ట్యాక్సీకి తిప్పినా, పసుపు అంకెలున్న ఆకుపచ్చ నంబరు ప్లేటు (వ్యాపార వాహనాలది) పెట్టినా షరతులు మారిపోతాయి.

బ్యాటరీ వారంటీలో ఒక మెలిక కూడా తెలుసుకోండి. సామర్థ్యం సాధారణంగా 70 శాతం కంటే దిగితేనే క్లెయిము. కొత్తలో 300 కిలోమీటర్లు ఇచ్చిన కారు 215 ఇస్తున్నా, కొలతలో 72 శాతం వచ్చిందంటే కంపెనీ చేతులెత్తేస్తుంది. ఒకవేళ మార్చినా, పాడైన మాడ్యూల్ (బ్యాటరీలో ఒక భాగం) మాత్రమే మార్చొచ్చు, బ్యాటరీ మొత్తం కాదు. మార్చిన భాగానికి మళ్లీ కొత్తగా ఎనిమిదేళ్లు మొదలవ్వవు, పాత వారంటీలో మిగిలిన కాలమే.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మా వీధిలో కార్లన్నీ మునిగాయి. ఇప్పుడు విద్యుత్ కారు కొన్నాం. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంటే వరదకు పనికొస్తుందా? ఎలుకలు కొరికితే? (సింగ్‌నగర్, విజయవాడ)

జవాబు: రెండింటికీ పనికిరాదు. వారంటీ తయారీ లోపానికి, బీమా బయటి నుంచి వచ్చిన నష్టానికి. ఎక్స్‌టెండెడ్ వారంటీకి పెట్టాలనుకున్న డబ్బులో కొంత మీరు బీమా మీద పెట్టండి. ఓన్ డ్యామేజ్ (మీ సొంత కారుకు జరిగే నష్టం) ఉన్న పాలసీకి జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల తరుగుదల కోయకుండా చెల్లించేది) చేర్చండి. బ్యాటరీలోకి నీరు చేరడం, చార్జింగ్ సమయంలో షార్ట్ సర్క్యూట్, ఇంటి వాల్ చార్జరుకు నష్టం, ఈ మూడూ కవరయ్యే యాడ్-ఆన్ (పాలసీకి అదనంగా కొనే రక్షణ) తీసుకోండి. పాలసీ కాగితంలో ‘బ్యాటరీ’ అన్న మాట కనబడాలి. ఎలుకల సంగతీ పాలసీలోనే చూడండి, కొన్నిటిలో ఉంటుంది, కొన్నిటిలో ఉండదు.

బ్యాటరీకి ఐపీ67 ఉందని ధైర్యంగా ఉండకండి. మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని ఆ గుర్తు అర్థం. బుడమేరు నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. కారు మునిగితే స్టార్ట్ చేయకండి, చార్జింగ్ పెట్టకండి. చక్రాల మీద లాగనివ్వకండి, చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది. నాలుగు చక్రాలూ పైకెత్తే ఫ్లాట్‌బెడ్ ట్రక్కే కావాలి. ఫొటోలు తీసి, బీమా సంస్థకు చెప్పాకే కదిలించండి.

ఇక ఎలుకలు. నారింజ రంగు హై వోల్టేజీ తీగ కొరికితే టేపు చుట్టి సరిపెట్టరు, హార్నెస్ (తీగల కట్ట) మొత్తం మారుస్తారు. బానెట్ కింది సందులకు స్టీలు జాలీ వేయించుకోవడం చౌక. అయితే అది అధీకృత సర్వీస్ సెంటర్లోనే, తీగలు తెంపకుండా.

ప్రశ్న: మూడేళ్ల పాత విద్యుత్ కారు బేరం చేస్తున్నాను. ‘వారంటీ ఉంది’ అంటున్నాడు అమ్మేవాడు. నమ్మొచ్చా? (గాజువాక, విశాఖపట్నం)

జవాబు: చాసిస్ నంబరు పట్టుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. వారంటీ మొదలైన తేదీ అంటే తొలి యజమాని కొన్న తేదీ, మీరు కొన్నది కాదు. సర్వీసులు సమయానికి జరిగాయా, పెండింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, రీకాల్ పనులు (లోపం సరిచేయడానికి కంపెనీయే వెనక్కి పిలిచినవి) ఏమైనా ఉన్నాయా చూడండి. బ్యాటరీ ఆరోగ్య నివేదిక, అంటే ఎస్‌ఓహెచ్ శాతం, కాగితం మీద ఇమ్మనండి. జీవితకాల వారంటీ అన్నది తొలి యజమానితోనే పోతుందని మరచిపోకండి. ఎంజీ విండ్సర్ చేతులు మారితే 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లకు దిగుతుంది.

నివేదిక ఇవ్వనంటే మీరే లెక్క కట్టొచ్చు. 90 శాతం చార్జింగ్‌తో బయల్దేరి, ట్రిప్ మీటరు సున్నా చేసి, 20 శాతం దాకా ఒకే ప్రయాణంలో నడపండి. 45 కిలోవాట్ అవర్ బ్యాటరీ కొత్తదైతే ఆ 70 శాతానికి 31.5 యూనిట్లు (యూనిట్ అంటే కిలోవాట్ అవరే) ఖర్చవ్వాలి. ఖర్చయిన కరెంటు 27 యూనిట్లని కారు చూపిస్తే ఆరోగ్యం సుమారు 86 శాతం. కచ్చితమైన పరీక్ష కాదు గానీ మోసపోకుండా కాపాడుతుంది. ఆర్‌సీ మీ పేరు మీదికి మారగానే వారంటీ బదిలీ కూడా కంపెనీ చెప్పిన గడువులో, ఫీజు ఉంటే కట్టి, పూర్తి చేయించుకోండి. ఆలస్యమైతే క్లెయిము రోజున ఆ వంకే చెబుతారు.

ప్రశ్న: ఎక్స్‌టెండెడ్ వారంటీ కొన్నాం. నాలుగో ఏట ఆన్‌బోర్డ్ చార్జర్ పోయింది. ‘మీ ఇంట్లో ఎర్తింగ్ బాగోలేదు, వోల్టేజీ వల్ల పోయింది’ అని క్లెయిము కొట్టేశారు. ఏం చేయాలి? (గుంటూరు)

జవాబు: ముందు వాళ్లన్నది నిజమేనేమో చూడండి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో చార్జింగ్ ప్లగ్గు దగ్గర కొలిపించండి. ఫేజ్-న్యూట్రల్ మధ్య 230 వోల్టుల చుట్టూ, ఫేజ్-ఎర్త్ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్-ఎర్త్ మధ్య 5 వోల్టుల లోపు ఉండాలి. ఎర్త్ టెస్టర్‌తో ఎర్త్ గుంత నిరోధం 5 ఓమ్‌ల లోపు ఉంటే మంచిది. వేసవిలో గుంత ఎండిపోతే ఇది పెరుగుతుంది. 7.2 కిలోవాట్ల చార్జరైతే కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 40 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్), దానికే వేరే ఎర్త్ ఉండాలి. ఎలక్ట్రీషియన్ చేత తేదీ, కొలతలు, లైసెన్సు నంబరుతో నివేదిక రాయించుకోండి.

తర్వాత సర్వీస్ సెంటర్ దగ్గర మూడు కాగితాలు అడగండి: జాబ్ కార్డు (కారు తీసుకున్నప్పుడు ఫిర్యాదు, పని రాసే కాగితం), ఫాల్ట్ కోడ్‌ల (కారు కంప్యూటరు నమోదు చేసుకునే లోపాల గుర్తుల) ప్రింటు, ఏ షరతు ప్రకారం తిరస్కరించారో దాని నంబరుతో రాతపూర్వక జవాబు. వోల్టేజీ పెరిగిందన్నది ఊహేనా, కారులో నమోదైన ఆధారమా అన్నది ఫాల్ట్ కోడ్‌లను బట్టి అడగొచ్చు. ఆన్‌బోర్డ్ చార్జర్ పాడవక ముందు కారును బయటి ఏసీ చార్జర్ల దగ్గర కూడా చార్జింగ్ పెట్టి ఉంటే, తప్పు మీ ఇంటిదే అనలేరని చూపడానికి యాప్‌లోని చార్జింగ్ చరిత్ర కూడా తీసిపెట్టుకోండి. కాలిన పాత యూనిట్‌ను పారేయొద్దని మెయిల్ పెట్టండి, అదే మీ సాక్ష్యం.

కంపెనీ కస్టమర్ కేర్‌కు రాతలో ఫిర్యాదు చేసినా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 50 లక్షల దాకా చెల్లింపుల వివాదాలు అక్కడే. గొడవ మొదలైన రెండేళ్లలోపు వేయాలి. వస్తువుకో సేవకో కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 10 నుంచి 20 లక్షల మధ్యైతే 400 రూపాయలు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, వకీలు తప్పనిసరి కాదు. ఈలోగా కారు ఆగిపోయింది కదా అనుకోకండి. ఆన్‌బోర్డ్ చార్జర్ పోయినా చాలా కార్లు డీసీ ఫాస్ట్ చార్జర్ దగ్గర చార్జ్ అవుతాయి. మీ మోడల్‌లో కుదురుతుందో సర్వీస్ సెంటర్‌లో అడిగి వాడుకోండి.