ఫొటోలు నేనే పంపాను, ఇప్పుడు తీసేయించే దారి ఉందా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. నిశ్చితార్థం అయ్యాక అతను పదే పదే అడిగితే కొన్ని ఫొటోలు వాట్సాప్‌లో పంపాను. కట్నం దగ్గర మాట తేడా వచ్చి సంబంధం తప్పిపోయింది. ఇప్పుడు నా పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో దొంగ అకౌంట్ తెరిచి వాటిని పెట్టాడు. ఒక టెలిగ్రామ్ ఛానెల్లో కూడా ఉన్నాయట. ‘నువ్వే పంపావు, కేసు నిలబడదు’ అంటున్నాడు. ఇంట్లో తెలిస్తే ఏమవుతుందోనని ఒకటే టెన్షన్. ఏం చేయాలి? (పేరు వద్దు, గుంటూరు జిల్లా)

జవాబు: అమ్మా, అతను చెప్పేది శుద్ధ అబద్ధం. మీరు పంపింది అతనొక్కడూ చూడటానికి, ఊరందరికీ చూపించమని కాదు. ఐటీ చట్టం సెక్షన్ 66ఈ ప్రకారం ఒకరి రహస్యాంగాల ఫొటోను వాళ్ల అనుమతి లేకుండా ప్రచురించినా, ఇతరులకు పంపినా నేరమే. ఒంటిమీద లోదుస్తులున్న ఫొటోకూ ఇది వర్తిస్తుంది. దీనికి 3 ఏళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఫొటోలు లైంగిక చర్యను చూపేవైతే సెక్షన్ 67ఏ కింద 5 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా ఉంటాయి. ఫొటో తీయడానికి ఒప్పుకున్నా, పంచడానికి ఒప్పుకోకపోతే పంచడం నేరమేనని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 వివరణ కూడా చెబుతోంది.

ఇక తీసేయించడం. మీలాంటి వాళ్లు కంగారులో ముందు రిపోర్ట్ కొట్టేస్తారు, చాట్ చెరిపేస్తారు. అలా చేయకండి. పోస్టు మాయమయ్యాక పోలీసులకు చూపించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు. ముందు స్క్రీన్‌షాట్లు తీయండి. అందులో ఫొటో ఒక్కటే కాదు, అకౌంట్ యూజర్‌నేమ్, తేదీ, సమయం కూడా కనిపించాలి. పైన కనిపించే పేరు ఎప్పుడైనా మార్చేయొచ్చు, అందుకే ప్రొఫైల్ లింకు, ఒక్కో పోస్టు లింకు, టెలిగ్రామ్ మెసేజ్ లింకు విడిగా కాపీ చేసి పెట్టుకోండి. అతని బెదిరింపు మెసేజ్‌లు అలాగే ఉంచండి. డబ్బు అడిగితే రూపాయి కూడా ఇవ్వొద్దు.

ఆ తర్వాత అదే రోజు ఇన్‌స్టాగ్రామ్, టెలిగ్రామ్ గ్రీవెన్స్ ఆఫీసర్లకు (ఫిర్యాదులు చూసే అధికారులు) లింకులతో ఫిర్యాదు పంపండి. 2021 ఐటీ నిబంధనల్లోని 3(2)(బి) కిందకు వస్తుందని అందులో రాయండి. ఇలాంటి ఫొటోలను ఫిర్యాదు అందిన 24 గంటల్లోగా తీసేయాలని 2021లో ఆ నిబంధన పెట్టినప్పుడే గడువు విధించారు, 2026 ఫిబ్రవరిలో దాన్ని 2 గంటలకు తగ్గించారు. మార్ఫింగ్ చేసినవీ, మీ పేరుతో తెరిచిన దొంగ అకౌంటూ దీని పరిధిలోకే వస్తాయి. మీరే రాయక్కర్లేదు, మీ తరఫున అక్కో స్నేహితురాలో రాసినా చెల్లుతుంది. వాళ్లు పట్టించుకోకపోతే 30 రోజుల్లోగా కేంద్రం ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో వెళ్లొచ్చు.

మళ్లీ మళ్లీ పెడతాడేమోనని భయపడుతున్నారు కదా, దానికి స్టాప్ఎన్‌సీఐఐ అనే సైట్ ఉంది. మీ ఫొటో ఫోన్ దాటి బయటికి పోదు. దాని గుర్తుగా ఒక కోడ్ మాత్రమే తయారై, అందులో చేరిన కంపెనీలకు వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఇందులో ఉన్నాయి. గూగుల్ సెర్చ్‌లో కనిపిస్తే అక్కడ విడిగా అభ్యర్థన పెట్టొచ్చు.

పోలీసు ఫిర్యాదు కూడా ఆలస్యం చేయొద్దు. నిబంధనల ప్రకారం కంపెనీలు తీసేసిన సమాచారాన్ని దర్యాప్తు కోసం 180 రోజులు దాచాలి, ఆ గడువు పోనివ్వకండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలుంది, కానీ కేసు ముందుకు నడవాలంటే పేరుతో చేసి ట్రాక్ చేసుకోవడమే మేలని నా అభిప్రాయం. మీ మాటలను మహిళా అధికారే నమోదు చేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 173 చెబుతోంది. ‘మా పరిధి కాదు’ అని పంపించేస్తే పరిధితో పని లేకుండా ఏ స్టేషన్లోనైనా నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. అసలు తీసుకోనంటే ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టు ఉంది.

కట్నం సంగతి కూడా ఫిర్యాదులో రాయండి. పెళ్లి జరగకపోయినా కట్నం అడగడమే నేరమని 1996లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంట్లో అమ్మకో అక్కకో ఈ రాత్రే చెప్పండి. ఫొటోలు చూపించక్కర్లేదు, జరిగింది చెబితే చాలు. రేపు స్టేషన్‌కు మీతో రావడానికి ఒక మనిషి కావాలి.