కంటికి లావు, కాటాకు మామూలు

ప్రశ్న: మా పెద్దమ్మాయికి 22 ఏళ్లు, ఎత్తు 162 సెంటీమీటర్లు, బరువు 46 కిలోలు. చిన్నమ్మాయికి 19, ఎత్తు 160, బరువు 55. మావారు 168 ఎత్తు, 84 కిలోలు. పెద్దది నాజూగ్గా ఉందని, మావారిది మంచి పర్సనాలిటీ అని అందరూ అంటారు. చిన్నదాన్ని మాత్రం నేనూ అత్తయ్యా ‘కాస్త ఒళ్లు తగ్గించు’ అంటూ వచ్చాం. మూడు వారాలుగా అది రాత్రిళ్లు తినడం మానేసింది. డాక్టరుకి చూపిస్తే బరువు సరిగ్గానే ఉందన్నారు. మరి మా కంటికి లావుగా ఎందుకు కనిపిస్తోంది? ఇప్పుడేం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఇంట్లో ముగ్గురి బరువునూ తప్పుగానే అంచనా వేశారు. వాళ్లలో సరైన బరువున్న ఒక్క మనిషే మాటలు పడింది.

ముందు లెక్క చూడండి. కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. చిన్నమ్మాయికి 55ని 1.6తో భాగిస్తే 34.4, మళ్లీ 1.6తో భాగిస్తే 21.5. ఇది 18.5 నుంచి 25 లోపు ఉంటే మంచిదే. ఆసియా వాళ్లయితే 23 దాటాక జాగ్రత్తపడమంటారు. ఎలా చూసినా తను లావు కాదు. పెద్దమ్మాయికి వచ్చేది 17.5, అంటే తక్కువ. మీవారికి దాదాపు 30, అంటే బాగా ఎక్కువ.

మన కన్ను బరువు తూచదు, పక్కనున్న వాళ్లతో పోల్చుకుంటుంది. అక్కాచెల్లెళ్లు కలిసి దిగిన ఫొటో ఒకటి తీసి, పెద్దమ్మాయిని అరచేత్తో మూసి, చిన్నమ్మాయిని ఒక్కదాన్నే చూడండి. చెయ్యి తీసి మళ్లీ చూడండి. మీరు లావు అనుకున్నదాంట్లో ఎంతో కొంత ఆ పక్కన నిలబడ్డ 17.5దే. ఫోన్‌తో దగ్గర నుంచి తీసిన గ్రూప్ ఫొటోలో అంచున ఉన్నవాళ్లు సాగి వెడల్పుగా పడతారు, కాబట్టి మధ్యలో నిలబడ్డ ఫొటో ఎంచుకోండి.

మీవారి విషయంలో జరిగేది వేరు. రోజూ చూసే ఆకారాలే మనకు ‘మామూలు’గా స్థిరపడతాయి. మరీ లావున్నవాళ్లను ఉన్నదానికంటే తక్కువగా, మరీ సన్నగా ఉన్నవాళ్లను ఉన్నదానికంటే ఎక్కువగా అంచనా వేయడం మనుషులందరిలో ఉన్న పొరపాటే. పైగా శరీరం పెద్దదయ్యేకొద్దీ పెరిగిన నాలుగు కిలోలు కంటికి ఆనవు. టేపుతో కొలవండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ మధ్యన టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. ఎత్తులో సగం, అంటే 84 సెంటీమీటర్లు దాటితే షుగరు, బీపీ పరీక్షలు చేయించండి.

పెద్దమ్మాయిని ‘నాజూకు’ అని వదిలేయకండి. ముఖంలో మార్పు ఇతరులు పసిగట్టాలంటే సగటు ఎత్తున్న స్త్రీ మూడున్నర కిలోల వరకు తగ్గాలని టొరంటో యూనివర్సిటీ పరిశోధకులు లెక్కగట్టారు. రోజూ చూసే మీకు అంతకన్నా ఆలస్యంగా తెలిసినా ఆశ్చర్యం లేదు. చిన్నప్పటి నుంచీ అంతేనా, ఈమధ్య తగ్గిందా అని తననే అడగండి. ఆరు నెలల కిందట 49 ఉండి ఇప్పుడు 46 అయితే 6 శాతం తగ్గినట్టు. కావాలని తగ్గకుండా 5 శాతం దాటితే కారణమేంటో డాక్టరే చూడాలి.

ఇక చిన్నమ్మాయి. నాకు ఎక్కువ దిగులు తన గురించే. ‘చూడు, నీది 21.5, బాగానే ఉన్నావు’ అని కాగితం ముందు పెట్టకండి. అలాచేస్తే ఆ అంకెని కూడా తగ్గించాలనే ఆలోచన మొదలవుతుంది. ఇంట్లో కాటా ఉంటే కొన్నాళ్లు కనబడకుండా తీసేయండి. తనతో ఏకాంతంగా, రెండు మాటల్లో చెప్పండి: ‘నీ ఒంటి గురించి నేనన్నది తప్పు. ఇంకెప్పుడూ అనను.’ ‘నీ మంచికే అన్నా’ అని చివర తగిలించారో, క్షమాపణ అక్కడితో పోయినట్టే. తర్వాత రాత్రి భోజనానికి అందరూ కలిసి కూర్చోండి. ఎంత పెట్టుకుంది, ఎంత వదిలేసింది అని కంచం వైపు చూడొద్దు. తిన్నందుకు మెచ్చుకోవడమూ వద్దు, అదీ కాపలా కాసినట్టే ఉంటుంది.

అత్తయ్యగారికి మీరే చెప్పాలి, పిల్ల లేనప్పుడు: ‘అత్తయ్యా, దాని బరువు సరిగ్గా ఉందని డాక్టరు చెప్పారు. లావు, సన్నం అనే మాట దాని ముందు ఎత్తొద్దు.’ బొద్దుగా ఉన్నావని ముద్దుగా అన్నా ఆ పిల్లకి తగిలేది ఒకే చోట.

బరువు మామూలుగా ఉంది కాబట్టి ప్రమాదం లేదనుకోకండి. తిండికి సంబంధించిన మానసిక జబ్బు ఏ బరువులోనైనా రావచ్చు. తిన్న వెంటనే బాత్రూమ్‌కి వెళ్లి గడియ పెట్టుకోవడం, అందరితో తినకుండా తప్పించుకోవడం, ఎప్పుడూ చలిగా ఉందనడం, పీరియడ్స్ తప్పడం గమనిస్తే సైకియాట్రిస్టుకి చూపించండి. ఇవేవీ లేకపోయినా మరో రెండు వారాల్లో రాత్రి భోజనం మొదలుపెట్టకపోతే అపాయింట్‌మెంట్ తీసుకోండి. కళ్లు తిరిగి పడిపోయినా, వాంతి చేసుకుంటోందని తెలిసినా అదే రోజు తీసుకెళ్లండి.