రాజమండ్రి మెయిన్ రోడ్డులో బండి పెట్టే చోటు ఎందుకు దొరకదు?

మెయిన్ రోడ్డు దగ్గర మల్టీలెవెల్ పార్కింగ్ కడితే ట్రాఫిక్ తగ్గుతుందా అని అడిగారు. నేను అక్కడే ఒక బట్టల కొట్లో లెక్కలు రాస్తాను. ఆ రోడ్డు మీద చోటు లేకపోలేదండి. ఉన్నదంతా పొద్దున్నే కొట్లవాళ్ల బళ్లతో నిండిపోతోంది, అంతే.

శ్రావణమాసంలో మండపేట నుంచి పెళ్లిబట్టలకు ఒక కుటుంబం వస్తామని ముందురోజే ఫోన్ చేశారు. పట్టుచీరలన్నీ విడిగా తీయించి పెట్టాం. కారు కొట్టు ముందుకొచ్చింది కానీ ఆపడానికి జాగా లేదు. వెనక ఆటోలు ఒకటే హారన్లు. దేవీచౌక్ దాకా వెళ్లి తిరిగొచ్చారు, మళ్లీ అదే కథ. ముందు సీట్లో పెద్దావిడ, మోకాళ్ల నొప్పులట. కూతురు దిగి నడిరోడ్డు మీదే ఆవిణ్ని దించబోయింది. పక్క నుంచి ఒక బైకు రాసుకుంటూ పోయేసరికి ఆవిడ హడలిపోయి, "వద్దులేమ్మా, పోదాం పద" అంది. కాసేపటికి ఫోన్ వచ్చింది, మండపేటలోనే చూసుకుంటామని.

నాకు కడుపు మండి బయటికెళ్లి, మా వరసలో ఆగి ఉన్న బైకులు చూశాను. దాదాపు ప్రతి సీటు మీదా ఒక అట్టముక్క. ఎండకు సీటు కాలకుండా పెట్టుకునేది. అరగంటలో కొనుక్కుని వెళ్లిపోయేవాడు సీటు మీద అట్ట పెట్టడు కదా! అవన్నీ చుట్టుపక్కల కొట్లలో పనిచేసేవాళ్లవి, రాత్రి షట్టర్ దించేదాకా కదలవు. ఓనర్ల కార్లూ అంతే.

పనివాళ్లను తప్పుపట్టను, వాళ్లెక్కడ పెట్టుకుంటారు? ప్లానులో పార్కింగ్ అని చూపించిన సెల్లార్లలో చీరల బేళ్లు, అట్టపెట్టెలు ఉంటున్నాయి. మున్సిపాలిటీ వాళ్లు తోపుడుబండి అరటిపళ్లావిడను మాత్రం తరుముతారు, సెల్లార్లోకి తొంగి చూడరు. ఫుట్‌పాత్ మీద చీర కట్టిన బొమ్మలు నిలబెట్టేవాళ్లనూ ఏమీ అనరు. ఇది నాకు అస్సలు మింగుడుపడదు.

ఇక డబ్బుల సంగతి. ఒక కారు నిలబడాలంటే సుమారు రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు కావాలి. మెయిన్ రోడ్డులో అంత జాగాలో చిన్న కొట్టు పెడితే అద్దె ఎంతో ఇక్కడ అందరికీ తెలుసు. అదే జాగా రోడ్డు మీదైతే రోజంతా ఉచితం! పార్కింగ్ రుసుము ఆ నేల విలువకు తగ్గట్టు ఉండాలని 2006 జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. అమెరికా ప్రొఫెసర్ డొనాల్డ్ షూప్ కూడా ప్రతి వీధిలో ఒకటి రెండు చోట్లు ఎప్పుడూ ఖాళీగా ఉండేలా రుసుము పెట్టమన్నారు. మొదటి అరగంట ఉచితంగా వదిలి, తర్వాత గంట గంటకీ పెంచుకుంటూ పోతే అట్టముక్కల బళ్లు వాటంతటవే సెల్లార్లోకి దిగుతాయి. కొనేవాళ్లు పారిపోతారని కొందరు ఓనర్లు భయపడతారు. మండపేట వాళ్లు వెనక్కి తిరిగింది రుసుముకు కాదు.

మల్టీలెవెల్ కట్టినా, రోడ్డు మీద ఉచితం ఉన్నంతకాలం మేడ ఎక్కేదెవరు? 2027లో పుష్కరాలు వస్తున్నాయి. ఆలోగా సెల్లార్లు ఖాళీ చేయించి, గంటల లెక్కన రుసుము పెట్టి, సరుకు దింపే బళ్లను కొట్లు తెరవకముందే రానివ్వండి. ఆ తర్వాత కూడా చోటు చాలకపోతే అప్పుడు కట్టడం గురించి మాట్లాడుకోవచ్చు.