మడ్డి కింద దొరికిన నంబరు

ప్రశ్న: ఎనిమిది నెలల క్రితం ఒక వ్యక్తి దగ్గర 1985 నాటి యెజ్డీ మోటారు సైకిల్ కొన్నాను. “ఇంజిన్ పని మొత్తం చేయించాను, ఇంజిన్ మాత్రం బండితో వచ్చిందే, నంబరు కూడా అదే” అని ఆయన వాట్సాప్‌లో రాశారు. పోయిన వారం పొగ ఎక్కువగా వస్తోందని మెకానిక్ దగ్గర ఇంజిన్ దింపించాను. క్రాంక్‌కేసు (ఇంజిన్ అడుగు భాగపు లోహపు పెట్టె) మీద పేరుకున్న మడ్డిని కిరోసిన్‌తో కడిగితే ఆర్‌సీలో లేని నంబరు బయటపడింది. అమ్మినాయనను అడిగితే “పాత బండి, చూసుకునే కొన్నారు కదా” అంటున్నారు. ఆర్‌సీ ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. నా డబ్బు వెనక్కి వస్తుందా? లేకపోతే బండిని ఇలాగే ఇంకొకరికి అమ్మేయవచ్చా?

జవాబు: ముందు మీ రెండో ప్రశ్నకే జవాబు చెబుతాను. ఆ విషయంలో తొందరపడితే మొదటి విషయంలో మీకున్న బలం కూడా పోతుంది. నంబరు సంగతి చెప్పకుండా ఈ బండిని ఎవరికీ అమ్మకండి. ఇవాళ్టి వరకు మీరు నష్టపోయినవారు. నిజం తెలిసి దాచి అమ్మితే, రేపు మీ దగ్గర కొన్న మనిషి మీ మీద సరిగ్గా ఇదే ఫిర్యాదు చేస్తాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం అబద్ధం చెప్పడం ఒక్కటే మోసం కాదు, తెలిసిన వాస్తవాన్ని మరుగుపరచడం కూడా మోసమే. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద క్రిమినల్ ఫిర్యాదు వచ్చే ప్రమాదం కూడా ఉంది.

ఇక అసలు విషయం. ఇంజిన్ పని చేయించడం వేరు, ఇంజిన్ మార్చడం వేరు. పిస్టన్, రింగులు, కనెక్టింగ్ రాడ్, బేరింగులు, ఆయిల్ సీళ్లు అన్నీ కొత్తవి వేయించినా, సిలిండర్‌కు బోరు చేయించి అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్ ఎక్కించినా అది పాత ఇంజినే. ఎందుకంటే నంబరు కొట్టి ఉండేది క్రాంక్‌కేసు మీద. అది మారితే ఆర్‌సీ లెక్కలో ఇంజినే మారినట్టు. మైసూరులో ఈ బండ్లు తయారుచేసిన కర్మాగారం 1996లో మూతపడింది. క్రాంక్‌కేసు పగిలితే మరో పాత బండిది వెతికి తెచ్చి బిగించడం తప్ప చాలామందికి దారి ఉండదు. అలా బిగించడం నేరమని నేను అనను. కానీ 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఇంజిన్ మారిస్తే యజమాని 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేసి ఆర్‌సీలో ఆ మార్పు నమోదు చేయించాలి. అమ్మినాయన ఆ పని చేయలేదు, పైగా నంబరు అదేనని మీకు రాసి ఇచ్చారు.

ఆ వాట్సాప్ సందేశమే మీ కేసుకు ప్రాణం. “చూసుకునే కొన్నారు కదా” అనే వాదనకు చట్టంలో కొంత చోటు ఉన్న మాట నిజం. అమ్మకందారు పొరపాటుగా తప్పు చెప్పినప్పుడు గానీ, చెప్పాల్సింది చెప్పకుండా ఊరుకున్నప్పుడు గానీ, కొన్నవారు మామూలు జాగ్రత్తతో నిజం కనుక్కోగలిగి ఉంటే ఒప్పందాన్ని రద్దు చేసుకోలేరని కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. తెలిసి చెప్పిన అబద్ధానికి ఆ మినహాయింపు వర్తించదు. అందుకని ఆయనకు నిజం తెలుసా లేదా అన్నదే తేలాలి. తన మెకానిక్ చెప్పిన మాటే నమ్మి మీకు రాశానని ఆయన అనవచ్చు. క్రాంక్‌కేసు కొన్న రసీదు, ఇంజిన్ పని బిల్లు చూపమని ఆయనను రాతపూర్వకంగా అడగండి. ఏ జవాబు ఇచ్చినా, అసలు ఇవ్వకపోయినా అది మీకు పనికొస్తుంది.

ఫోనులోని ఆ సందేశాన్ని చెరపకండి, ఫోను మార్చకండి. కోర్టులో దాన్ని దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. ఇంజిన్ విప్పి ఉన్న స్థితిలోనే ఫోటోలు తీయించండి. నంబరు మీద పల్చని కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది అచ్చు తీసి, దాని కింద మెకానిక్ చేత తేదీతో సంతకం పెట్టించండి. ఆర్‌సీలో ఉన్న నంబరే మళ్లీ కొట్టించి ఇస్తానని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోకండి. నంబరు అరగదీసి మరొకటి కొట్టిన బండిని దొంగ బండి అని అనుమానిస్తారు, అప్పుడు మీ అమాయకత్వాన్ని మీరే నిరూపించుకోవాల్సి వస్తుంది.

ఒప్పందం రద్దు చేసుకుని డబ్బు వెనక్కి కోరాలంటే ఆలస్యం చేయకూడదు. నిజం తెలిశాక కూడా బండి బాగు చేయించుకుని తిరిగితే, దాన్ని ఉన్నదున్నట్టుగా మీరు అంగీకరించారని కోర్టు భావించవచ్చు. రసీదు దొరికే పద్ధతిలో ఈ వారంలోనే లాయరు నోటీసు పంపించండి. బండి ఉంచుకుంటే నష్టపరిహారం కోరవచ్చు, 1930 వస్తువుల విక్రయ చట్టం ఆ హక్కు ఇస్తుంది. అమ్మినాయన బండ్ల వ్యాపారి కాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి లాభం లేదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి. మూడేళ్ల గడువు ఉంది. ఆయన దగ్గర ఇంజిన్ పని చేసిన మెకానిక్‌కూ మీకూ ఒప్పందమేమీ లేదు కాబట్టి అతని మీద దావా నిలవడం కష్టం.

నోటీసులో మరో మాట రాయించండి. ఆర్‌సీ ఎవరి పేరున ఉంటే, బండి ఎన్ని చేతులు మారినా ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చిచెప్పింది. అంటే ఆర్‌సీ అమ్మినాయన పేరున ఉన్నన్నాళ్లూ ఆ భారం ఆయన మీద కూడా ఉంది. ఇలాంటి తగాదాలు కోర్టు మెట్లు ఎక్కకుండా తేలడానికి ఈ ఒక్క వాక్యం చాలాసార్లు సాయపడుతుంది. మీ వైపు తప్పు కూడా చెప్పాలి: కొన్న 30 రోజుల్లో పేరు మార్పిడికి మీరూ దరఖాస్తు చేయాల్సింది. ఇంజిన్ నంబరు తేడా ఉన్న బండికి ఏదైనా జరిగితే బీమా సంస్థ సొంత నష్టం క్లెయిమును తిరస్కరించే అవకాశమూ ఉంది.

ఆయన డబ్బు ఇవ్వక, బండి మీ దగ్గరే ఉండిపోయి, అమ్మాలనుకుంటే క్రమం ఇది. ముందు ఆయన చేత 29, 30 ఫారాల మీద సంతకాలు తీసుకుని, క్రాంక్‌కేసు ఎక్కడి నుంచి వచ్చిందో చూపే కాగితాలతో రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి ఇంజిన్ మార్పు, పేరు మార్పిడి నమోదు చేయించండి. కాగితాలు లేకపోతే అధికారి పోలీసుల పరిశీలన కోరవచ్చు, దానికి భయపడకండి. 15 ఏళ్లు దాటిన బండి కాబట్టి రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి పునరుద్ధరించారో లేదో అక్కడే చూడండి. ‘వింటేజ్’ బండి అని చెప్పి మాత్రం అమ్మకండి. 2021 నిబంధనల ప్రకారం ఆ హోదాకు తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, బండి అసలు రూపంలో ఉండాలి.

విక్రయ ఒప్పందంలో ఇలా రాయండి: “ఈ బండికి క్రాంక్‌కేసు మార్చబడినది, ఇంజిన్ నంబరు ఫలానా, ఆ మార్పు ఆర్‌సీలో నమోదైనది, కొనుగోలుదారు నంబరు స్వయంగా చూసుకున్నారు.” ఆ వాక్యం పక్కనే పెన్సిల్ అచ్చు తీసిన కాగితం అతికించి, దాని మీదుగా కొనేవారి సంతకం పెట్టించండి.