టికెట్ ధర ఊరిదాకా లెక్కేసుకోండి

అమెరికా నుంచి ఊరికి టికెట్ అనగానే కొత్తగా వచ్చిన పిల్లలు హైదరాబాద్ ఒక్కటే కొట్టి చూస్తారు. అనంతపురం వాళ్లకు దగ్గరిది బెంగళూరు ఎయిర్‌పోర్టే, 44వ నంబరు హైవే మీద సుమారు 180 కిలోమీటర్లు. కర్నూలు వాళ్లకైతే శంషాబాద్ మేలు. కడపకు బెంగళూరు, చెన్నై రెండూ ఇంచుమించు ఒకటే దూరం. గూగుల్ ఫ్లైట్స్‌లో చేరాల్సిన చోట బీఎల్ఆర్ (బెంగళూరు), హెచ్‌వైడీ (హైదరాబాద్), ఎంఏఏ (చెన్నై) అనే ఎయిర్‌పోర్టు కోడ్‌లకు మధ్య కామాలు పెట్టి మూడూ కలిపి వెతకండి. దాంట్లో కారు బాడుగ కలిపితేనే అసలు ధర తేలేది.

తర్వాత టైము. సైట్లో కనిపించేది ఏ ఊరి గడియారం ఆ ఊరిదే. 12వ తేదీ రాత్రి 9:30కు న్యూయార్క్‌లో ఎక్కి 14 తెల్లవారుజామున 2:40కి బెంగళూరులో దిగుతామంటే, ఎండాకాలంలో ప్రయాణం 19 గంటల 40 నిమిషాలు. చలికాలంలో అమెరికా గడియారాన్ని గంట వెనక్కి జరుపుతారు కాబట్టి, అవే టైములు అప్పుడు ఉంటే ఒక గంట తక్కువ. అందుకే మొత్తం ఎన్ని గంటలో, మధ్యలో ఎంతసేపు ఆగాలో విడిగా చూడండి. గంటన్నర కంటే తక్కువ ఆగేది, అమ్మానాన్నలు ఒంటరిగా వచ్చేటప్పుడు అసలు వద్దు. 15వ తేదీ 00:40 అని ఉంటే 14 రాత్రికే ఎయిర్‌పోర్టులో ఉండాలి. ఇక్కడ ఫ్లైట్ తప్పిపోయేవాళ్లు చాలామంది.

మరీ చవగ్గా కనిపిస్తే 'సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్' అని ఉందేమో చూడండి. అంటే రెండు వేరే టికెట్లు. మధ్యలో సామాను మీరే తీసుకుని మళ్లీ ఇవ్వాలి, దానికి ఆ దేశం వీసా కావాల్సి రావచ్చు. మొదటి విమానం ఆలస్యమైతే రెండో టికెట్ డబ్బు పోయినట్టే. కడపదాకా దేశీయ టికెట్ విడిగా కొన్నా ఇదే చిక్కు: అమెరికా నుంచి 23 కిలోల పెట్టెలు రెండు తెస్తారు, ఇక్కడ మామూలుగా ఒప్పుకునేది 15 కిలోలు. మిగతా 31 కిలోలకు కిలో లెక్కన కట్టాలి. అంతకంటే బెంగళూరు నుంచి కారే నయం.

ధరలు ఏ సైట్లో పోల్చుకున్నా, 20, 30 డాలర్ల తేడా అయితే ఎయిర్‌లైన్ సొంత సైట్లోనే కొనండి. తేదీ మార్చాల్సి వస్తే ఏజెంటుకూ ఎయిర్‌లైన్‌కూ మధ్య తిరగక్కర్లేదు. ప్రయాణం ఇంకా వారం పైన ఉంటే, అమెరికా నిబంధన ప్రకారం కొన్న 24 గంటల్లో రద్దు చేసుకుంటే డబ్బంతా వెనక్కిస్తారు లేదా అదే ధరకు డబ్బు కట్టకుండానే ఒకరోజు సీటు ఆపిపెడతారు. ఏజెంటు సైట్లకు ఆ నిబంధన లేదు.