దుమ్ము అక్కడ కూర్చోదు

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. చేదతాడు పోలిక బాగుంది. కానీ మూడో పేజీలో "కృష్ణబిలం అంచున దుమ్ము పేరుకుని కూర్చుంది" అన్నావు. ఆ మాట రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

సైన్సు రాసేవాళ్లు నామవాచకాల కోసం నిఘంటువులు తిరగేస్తారు. హొరైజన్‌ని, అంటే దాటితే వెలుగు కూడా తిరిగి రాలేని ఆ కృష్ణబిలం అంచుని, క్షితిజం అనాలా, దిగంతం అనాలా అని తెగ వాదించుకుంటారు. తప్పు జరిగేది మాత్రం క్రియ దగ్గర.

క్షితిజం దగ్గర మామూలు పదార్థం చేయగలిగిన పనులు కొన్నే. చుట్టూ తిరగగలదు, అదీ కొంత దూరం దాకానే. తన చుట్టూ తాను తిరగని కృష్ణబిలమైతే, క్షితిజ వ్యాసార్థానికి మూడు రెట్ల లోపల స్థిరమైన కక్ష్యే లేదు. అక్కడి నుంచి పడటమే. 2019లో ఫోటో వచ్చిందే, ఎం87 గెలాక్సీ కృష్ణబిలం, దాని చుట్టూ మెరిసే వలయం కూడా దుమ్ము కాదు. వందల కోట్ల డిగ్రీల వేడిలో ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ప్లాస్మా.

మరి కూర్చోగలిగేది లేనే లేదా? ఉంది. క్షితిజం పక్కనే ఏదైనా కదలకుండా నిలిచిందనుకో. లోపలికి పడుతున్నవాడికి అది దాదాపు కాంతి వేగంతో ఎదురొస్తుంది. క్షితిజానికి దగ్గరయ్యేకొద్దీ అతను కొలిచే దాని శక్తి హద్దు లేకుండా పెరుగుతుంది. ఏ వేగంతో చూసినా సాంద్రత మారని పదార్థమైతేనే ఈ చిక్కు రాదు. అందుకు కేంద్రం నుంచి బయటికి వెళ్లే దిశలో దాని పీడనం ఋణాత్మకమై, శక్తి సాంద్రతకు సరిసమానం కావాలి. ఇసుకకూ గాలికీ ఆ గుణం లేదు. విద్యుదావేశమున్న కృష్ణబిలం చుట్టూ సూటిగా బయటికి సాగే విద్యుత్ క్షేత్రానికి ఉంది. విశ్వ విస్తరణ వేగాన్ని పెంచుతున్న డార్క్ ఎనర్జీ అన్నది విశ్వ స్థిరాంకమే, అంటే ఎక్కడా ఎప్పుడూ సాంద్రత మారనిదే అయితే, దానికీ ఉంది. దానివల్ల ఏర్పడే విశ్వ క్షితిజం, అంటే ఇప్పుడు బయల్దేరిన వెలుగు ఎప్పటికీ మనల్ని చేరలేని హద్దు, మనకు సుమారు 1,600 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉంది. గెలాక్సీలు దాన్ని దాటి పోతూనే ఉంటాయి, అక్కడివాళ్లకు ఏమీ తెలియదు.

నా తొలి వ్యాసంలో "పడుతుంది" అని రాస్తే ఒక వారపత్రిక ఎడిటర్ "మింగేస్తుంది" అని దిద్దాడు. బస్సెక్కి వెళ్లి ఆఫీసు బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చున్నాను. "పాఠకుడు భయపడాలయ్యా" అని పంపేశాడు. అచ్చయ్యాక ఒక బడి పంతులుగారు కార్డు రాశారు. సూర్యుణ్ని కూడా మింగేస్తుందా అని పిల్లలు ఏడ్చారట. సూర్యుడి చోట అంతే ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలాన్ని పెట్టినా భూమి ఇదే కక్ష్యలో తిరుగుతుందని ఆయనకు జవాబు రాశాను. "రాకాసి బిలం" అనే శీర్షిక కనబడితే ఇప్పటికీ కడుపు మండుతుంది.

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు, ఆ సంగతి తర్వాత. ముందు ఆ వాక్యం మళ్లీ రాయి. నీ దుమ్ము ఎంత దూరాన తిరిగిందో, ఎక్కడ వేడెక్కి ప్లాస్మా అయిందో, ఎక్కడి నుంచి పడటం మొదలైందో రాసి పంపు.

ఆశీస్సులతో